క్రిస్మస్ తాత చేతికి గొడ్డలి ఎందుకొచ్చింది? పండగ హారర్, ఫాంటసీ సినిమాలు ఎక్కడ పట్టుకుంటాయి, ఎక్కడ తేలిపోతాయి

టూకీగా చెప్పాలంటే: క్రిస్మస్‌కి దెయ్యం కథలు ఇప్పుడు కొత్తగా అతికించినవేం కావు, యూరప్ చలికాలం రాత్రుళ్లతో పాటే పుట్టాయి. ఈ జానర్‌లో నిలబడ్డ సినిమాలు పండగకి ఉన్న సొంత రూల్స్‌లోంచే భయం తీస్తాయి, అంటే బహుమతి, మంచి చెడు లిస్టు, తలుపు తీయడం, చుట్టాలంతా ఒకే ఇంట్లో ఇరుక్కోవడం. తేలిపోయినవి మామూలు హంతకుడికి ఎర్ర డ్రెస్ తొడిగి ఊరుకుంటాయి. హైదరాబాద్‌లో కూర్చుని చూసేవాళ్లకి ఇందులో సగం సరుకు ఎందుకు ఎక్కదనేది ఇంకో లెక్క, అది చివర్లో. కొన్ని సినిమాల క్లైమాక్స్‌లు మధ్యలో బయటపడతాయి, చూడనివాళ్లు గమనించగలరు.

అసలు కన్ఫ్యూజన్ ఎక్కడ

డిసెంబర్ రెండో వారానికల్లా సికింద్రాబాద్, బొల్లారం, అల్వాల్ వైపు ఇళ్ల మీద స్టార్లు వెలుగుతుంటాయి, ఆఫీసుల్లో కాలేజీల్లో సెమీ క్రిస్మస్‌లు మొదలైపోతాయి, సిగ్నళ్ల దగ్గర ఎర్ర టోపీలు అమ్మేవాళ్లు వచ్చేస్తారు. అదే టైమ్‌లో ఫోన్‌లో ఓటీటీ యాప్ తెరిస్తే ఒక వరసలో ఫ్యామిలీ సినిమాలు, దాని కిందే ఇంకో వరసలో నెత్తురు కారే సాంటా పోస్టర్లు. పండగేమో శాంతి సమాధానం అంటోంది, పోస్టర్ మీద తాత ఏమో గొడ్డలి పట్టుకుని చిమ్నీలోంచి దిగుతున్నాడు. పండగని కావాలని వెక్కిరిస్తున్నారా, లేక వాళ్ల దగ్గర ఇదొక అలవాటా అని చాలామందికి డౌటొస్తుంది. రెండూ కొంచెం కొంచెం నిజమే, కాకపోతే అలవాటు పాలు ఎక్కువ.

ఇంకో కారణం కూడా ఉంది. తెలుగు ఇండస్ట్రీలో క్రిస్మస్ సినిమా అంటే రిలీజ్ డేట్, అంతే. 2021 డిసెంబర్ 24న శ్యామ్ సింగరాయ్ వచ్చింది, 2023 డిసెంబర్ 22న సలార్ వచ్చింది, రెండింటినీ క్రిస్మస్ సినిమాలనే అన్నారు, మొదటిదాంట్లో పండగ ఉంది కానీ అది బెంగాల్ నవరాత్రులు, రెండోదాంట్లో అదీ లేదు. హాలీవుడ్‌లో మాత్రం క్రిస్మస్ సినిమా అంటే కథే ఆ రోజుల్లో జరగాలి, మంచు పడాలి, ఇంట్లో చెట్టుండాలి, రిలీజ్ ఎప్పుడైనా ఫర్వాలేదు. గ్రెమ్లిన్స్ అనే సినిమా మొత్తం క్రిస్మస్‌లోనే నడుస్తుంది, అది థియేటర్లలోకి వచ్చింది 1984 జూన్ 8న, మన లెక్కలో మృగశిర కార్తె వచ్చే రోజులు, చేపలకోసం జనం క్యూ కట్టే టైమ్.

పగలు తక్కువ, కథలు ఎక్కువ

డిసెంబర్ 21 ప్రాంతంలో హైదరాబాద్‌లో పగలు దాదాపు 11 గంటలుంటుంది. లండన్‌లో 8 గంటల లోపే. ఫిన్లాండ్ ఉత్తరాన లాప్‌లాండ్‌లో అయితే ఆ రోజుల్లో సూర్యుడు అసలు పైకే రాడు. సాయంత్రం నాలుగింటికల్లా చీకటి పడిపోయి, బయట గడ్డకట్టే చలి, పొలం పని అయిపోయింది, అందరూ ఒకే మంట చుట్టూ కూర్చున్నారు, అలాంటప్పుడు పుట్టే కథల్లో దెయ్యం రాకుండా ఎలా ఉంటుంది? మన దగ్గర కూడా కరెంట్ పోయిన రాత్రే కదా అమ్మమ్మలు కొరివి దెయ్యం సంగతి ఎత్తేది, తేడా ఏంటంటే అక్కడ ఆ చీకటి గంటసేపు ఉండి పోయేది కాదు, రెండు నెలలు ఉండిపోయేది.

ఈ అలవాటుని పుస్తకంలోకి బలంగా తెచ్చింది చార్లెస్ డికెన్స్. 1843 డిసెంబర్ 19న వచ్చిన ఎ క్రిస్మస్ కరోల్ పూర్తి పేరులోనే ఇది క్రిస్మస్ దెయ్యం కథ అని రాసుంటుంది. పిసినారి స్క్రూజ్ దగ్గరికి ఏడేళ్ల కింద చనిపోయిన వ్యాపార భాగస్వామి మార్లీ గొలుసులు ఈడ్చుకుంటూ వస్తాడు, ఆ గొలుసుకి వేలాడేవి డబ్బు పెట్టెలు, తాళాలు, ఖాతా పుస్తకాలు. బతికినన్నాళ్లు ఏం చేశాడో అదే చచ్చాక ఒంటికి చుట్టుకుంది. ఇక్కడ దెయ్యం ఊరికే జడిపించడానికి రాలేదు, లెక్క చెప్పడానికొచ్చింది. తర్వాతి కాలంలో కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీలో ఎం.ఆర్. జేమ్స్ అనే రచయిత క్రిస్మస్ ముందురాత్రి స్నేహితులకి తన దెయ్యం కథలు చదివి వినిపించేవాడు, బీబీసీ 1971 నుంచి 1978 దాకా ఏటా క్రిస్మస్‌కి ఒక దెయ్యం ఫిల్మ్ వేసింది. కాబట్టి ఇంగ్లండ్‌లో ఇది చలికాలం తిండి లాంటిది, వింతేం లేదు.

ఫ్యామిలీ సినిమా అని పేరుపడ్డ వాటిలో కూడా ఈ చీకటి ఉంది. 1946లో ఫ్రాంక్ కాప్రా తీసిన ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్ చివర్లో అందరూ పాటలు పాడతారు కాబట్టి తీపి సినిమా అనుకుంటారు, కానీ కథ నిలబడింది క్రిస్మస్ ముందురాత్రి వంతెన మీద చావడానికి సిద్ధమైన ఒక మనిషి మీద. అతను పుట్టకపోయుంటే ఊరు ఎలా ఉండేదో దేవదూత చూపిస్తాడు, కన్నతల్లి తలుపు తీసి నువ్వెవరు అంటుంది, భార్య అతన్ని చూసి కేకలేస్తుంది. ఒక్క చుక్క రక్తం లేదు, ఆ ఇరవై నిమిషాలు మాత్రం పక్కా హారర్.

బూచోడు, పోతరాజు, క్రాంపస్

ఇప్పుడు కొమ్ములోడి సంగతి. ఆస్ట్రియా, జర్మనీలోని బవేరియా కొండ ప్రాంతాల్లో సెయింట్ నికోలస్ రోజు డిసెంబర్ 6, దాని ముందురాత్రి క్రాంపస్ వస్తాడు. మంచి పిల్లలకి నికోలస్ కానుకలిస్తాడు, చెడ్డ పిల్లల్ని క్రాంపస్ బెత్తాలతో కొట్టి బుట్టలో వేసుకుపోతాడు. ఇప్పటికీ అక్కడ కుర్రాళ్లు చెక్కతో చెక్కిన ముసుగులు, మేక బొచ్చు, నడుముకి పెద్ద పెద్ద గంటలు కట్టుకుని వీధుల్లో పరిగెడుతూ జనాన్ని జడిపిస్తారు.

హైదరాబాద్ వాళ్లకి ఇది అర్థం కావడానికి పుస్తకం అక్కర్లేదు. ఆషాఢంలో లాల్ దర్వాజా దగ్గరో ఉజ్జయిని మహంకాళి గుడి దగ్గరో బోనాల రోజు నిలబడితే చాలు. ఒళ్లంతా పసుపు, నడుముకి వేపమండలు, కాళ్లకి గజ్జెలు, చేతిలో కొరడా, పోతరాజు ఎగురుకుంటూ వస్తుంటే పిల్లలు అమ్మ కొంగు వెనక్కి పోతారు, పెద్దవాళ్లు మాత్రం నవ్వుతూనే ఒక అడుగు వెనక్కేస్తారు. భయమూ భక్తీ వినోదమూ ఒకేసారి, ఏది ఎంతో విడదీసి చెప్పలేం. కాకపోతే పోతరాజు అమ్మవారి తమ్ముడు, ఊరికి కాపలా. క్రాంపస్‌ది శిక్షించే డ్యూటీ. ఆ డ్యూటీ మన ఇళ్లలో బూచోడు చేస్తాడు, అన్నం తినకపోతే ఎత్తుకెళ్లిపోతాడని చెప్పే ఆ బూచోడికి ఒక మొహం, కొమ్ములు, ఒక తారీఖు ఇస్తే దాదాపు క్రాంపస్ అయిపోతాడు.

ఐస్‌లాండ్‌ది ఇంకా విచిత్రం. పండక్కి కొత్త బట్టలు రానివాళ్లని ఒక పెద్ద పిల్లి తినేస్తుందంటారు. టైలర్ చివరి నిమిషంలో చేతులెత్తేస్తే తెలుగు పిల్లలు ఏడ్చి ఊరుకుంటారు, అక్కడ ప్రాణం మీదకొస్తుంది.

అంటే పండగలో రెండు చేతులున్నాయి, ఇచ్చే చేయి, కొట్టే చేయి. ఇరవయ్యో శతాబ్దంలో షాపులు, అడ్వర్టైజ్‌మెంట్లు కొట్టే చేతిని పక్కన పెట్టేసి ఇచ్చే చేతినే ఉంచుకున్నాయి, అమ్మకానికి పనికొచ్చేది అదే కాబట్టి. లిస్టు మాత్రం మిగిలింది. సాంటా ఏడాదంతా చూస్తుంటాడు, ఎవరు మంచోళ్లో ఎవరు చెడ్డోళ్లో రాసుకుంటాడు, చిత్రగుప్తుడి చిట్టా లాగే. చిట్టా ఉండి శిక్ష లేకపోతే కథలో ఏదో ఖాళీగా అనిపిస్తుంది. హారర్ సినిమాలు దూరేది ఆ ఖాళీలోకే.

ఇంకోటి, ఈ సినిమాలు దాదాపు అన్నీ సాంటా జోలికే వెళ్తాయి, పశువుల పాకలో పుట్టిన బాలుడి జోలికి పోవు. మతం మనోభావాల భయం ఒకటి, అంతకన్నా ముఖ్యం సాంటా ఎవరి సొంతమూ కాదు, ఏ కంపెనీకీ పైసా కట్టకుండా వాడుకోవచ్చు.

ఇంట్లోంచే వస్తున్న ఫోన్

ఈ జానర్‌కి ఇప్పటికీ కొలబద్ద 1974లో బాబ్ క్లార్క్ కెనడాలో తీసిన బ్లాక్ క్రిస్మస్. అమ్మాయిల హాస్టల్ లాంటి ఇల్లు, సెలవులకి ఒక్కొక్కరే ఊరెళ్తున్నారు, ఎవడో అటక మీదకి ఎక్కి కూర్చున్నాడు, ఆ ఇంట్లోంచే బూతు ఫోన్లు చేస్తున్నాడు. ఒకమ్మాయి మొదట్లోనే చచ్చిపోతుంది, కానీ సెలవులు కాబట్టి ఇంటికెళ్లిపోయి ఉంటుందిలే అనుకుంటారు, తండ్రి వచ్చి వెతికేదాకా ఎవరూ పట్టించుకోరు. పండగ సెలవులు లేకపోతే ఈ కథ నడవదు. మనిషి కనబడకపోయినా డౌట్ రాని రోజులవి.

అందులో ఒక సీన్ గురించి మాత్రం ఆగి చెప్పుకోవాలి. గుమ్మం ముందు చిన్న పిల్లలు కారల్స్ పాడుతున్నారు, హీరోయిన్ తలుపు దగ్గర నిలబడి వింటోంది, అదే టైమ్‌లో పైన గదిలో ఆమె ఫ్రెండ్‌ని హంతకుడు చంపుతున్నాడు. కింద పాట, పైన హత్య, పాటలో కేక కలిసిపోతుంది. సాంటా లేడు, ఎర్ర డ్రెస్ లేదు, అయినా ఇంతకన్నా క్రిస్మస్ హారర్ సీన్ దొరకడం కష్టం. హంతకుడెవడో సినిమా ఆఖరికీ చెప్పదు, ఫోన్ మోగుతూ ఉండగానే అయిపోతుంది. నాలుగేళ్ల తర్వాత వచ్చిన హాలోవీన్ సినిమాకి, దాని వెనకాల వచ్చిన బోలెడు స్లాషర్ సినిమాలకి, అంటే ఒక హంతకుడు ఒక్కొక్కరినే చంపుకుంటూ పోయే సినిమాలకి, ఇక్కడే దారి పడింది. ఇదే బాబ్ క్లార్క్ 1983లో ఎ క్రిస్మస్ స్టోరీ అని పిల్లల కామెడీ తీశాడు, అమెరికాలో ఏటా టీవీలో వేసేది అది. ఒకే చేయి రెండు పనులూ చేసింది.

దీన్నే 2006లో మళ్లీ తీసి సరిగ్గా డిసెంబర్ 25న అమెరికాలో వదిలారు. అసలు సినిమా చెప్పకుండా దాచినదంతా ఇది చెప్పేసింది, హంతకుడి చిన్నతనం, వాళ్లమ్మ పెట్టిన బాధలు, వాడి జబ్బు, అన్నీ ఫ్లాష్‌బ్యాక్‌లో. ప్రతి విలన్‌కీ ఒక ఫ్లాష్‌బ్యాక్ ఉండాలన్న రూల్ మన మాస్ సినిమాల్లో కూడా ఉంది కాబట్టి ఇక్కడివాళ్లకి ఇది తప్పుగా అనిపించకపోవచ్చు, కానీ అటక మీద ఎవడున్నాడో తెలిసిపోయాక అటకకి ఏం పవర్ మిగులుతుంది.

1984 నవంబర్ 9న సైలెంట్ నైట్, డెడ్లీ నైట్ వచ్చింది. సాంటా వేషంలో ఉన్నోడు అమ్మానాన్నల్ని చంపడం చూసిన పిల్లాడు అనాథాశ్రమంలో దెబ్బలు తింటూ పెరుగుతాడు, పెద్దయ్యాక బొమ్మల షాపులో పనికి చేరితే క్రిస్మస్‌కి అతనికే సాంటా డ్రెస్ వేస్తారు. గొడ్డలి పట్టుకున్న సాంటా కనబడే యాడ్ టీవీలో వచ్చేసరికి తల్లిదండ్రులు థియేటర్ల ముందు ధర్నాలకి దిగారు, కొన్నాళ్లకే ట్రైస్టార్ కంపెనీ సినిమాని వెనక్కి తీసుకుంది. న్యాయంగా చెప్పాలంటే దీని మొదటి సగంలో విషయం ఉంది, చెడ్డవాళ్లకి శిక్ష పడుతుందని పెద్దోళ్లు ఆ పిల్లాడి బుర్రలోకి ఎక్కించిన మాటే వాడి చేతిలో ఆయుధం అవుతుంది. రెండో సగంలో అది మర్చిపోయి శవాల లెక్కలో పడింది. గొడవ వల్ల సినిమా చావలేదు, ఇంకా పాపులర్ అయింది, సీక్వెల్స్ వచ్చాయి, ఆ తర్వాత గొడ్డలి సాంటా అనేది ఒక చిన్న పరిశ్రమే అయిపోయింది.

పండగని తీసేసి చూస్తే

ఈ రకం సినిమాలని తూచడానికి ఒక తేలిక పద్ధతుంది. కథలోంచి క్రిస్మస్ తీసేసి వేరే ఏదైనా రోజు పెట్టి చూడాలి. కథ ఏమాత్రం కదలకపోతే పండగ గోడకి వేలాడదీసిన లైట్ల దండ మాత్రమే. కథ కూలిపోతే పండగ నిజంగా పనిచేస్తోందన్నమాట.

2010లో యల్మారి హెలాండర్ తీసిన ఫిన్లాండ్ సినిమా రేర్ ఎక్స్‌పోర్ట్స్ ఈ పరీక్షలో సులువుగా నెగ్గుతుంది. ఫిన్లాండ్‌లో సాంటాని యౌలుపుక్కి అంటారు, ఆ మాటకి అర్థం క్రిస్మస్ మేక, ఒకప్పుడు మేక వేషాలేసుకుని ఇళ్ల మీద పడి తిండి అడిగే మనుషుల ఆచారం అది. ఆయన ఇల్లు కొర్వతుంతురి కొండ అని 1927లో అక్కడి రేడియో పిల్లల ప్రోగ్రామ్‌లో చెప్పాక అందరూ అదే నమ్మేశారు. సినిమాలో ఒక విదేశీ కంపెనీ ఆ కొండని తవ్వుతుంది, లోపల మంచుగడ్డలో కొమ్ములున్నది ఏదో ఉంది, ఊళ్లో రెయిన్‌డీర్లు చచ్చిపడతాయి, పిల్లలు మాయమవుతారు. పాత పుస్తకాలు చదివిన ఒక్క పిల్లాడికే విషయం అర్థమవుతుంది. ఎండింగ్ అయితే మామూలు బుర్రకి తట్టేది కాదు, దొరికిన గడ్డం ముసలాళ్లకి ట్రైనింగ్ ఇచ్చి ప్రపంచమంతా సాంటాలుగా ఎగుమతి చేస్తారు, రెయిన్‌డీర్ వ్యాపారం పోయిన ఊరికి కొత్త వ్యాపారం దొరుకుతుంది. పండగని అమ్ముకునే వాళ్ల మీద ఇంతకన్నా సూటిగా ఏం తీస్తారు, అదీ గంటన్నర లోపే.

2015 నాటి క్రాంపస్ దీనికి అమెరికా వెర్షన్ లాంటిది, డైరెక్టర్ మైకేల్ డోహర్టీ. ఒకరంటే ఒకరికి పడని చుట్టాలు పండక్కి ఒకే ఇంట్లో చేరతారు, ఏ సంక్రాంతికైనా పెద్దింట్లో జరిగే తంతే, భోజనాల దగ్గర ఎత్తిపొడుపులు, పిల్లల మధ్య పోలికలు. విసిగిపోయిన పిల్లాడు సాంటాకి రాసిన ఉత్తరం చింపి గాల్లోకి విసిరేస్తాడు, అంతే, మంచు తుఫాను, కరెంట్ లేదు, కొమ్ములోడు దిగాడు. మొదటి అరగంట బ్రహ్మాండం, ఎందుకంటే దెయ్యం రాకముందే ఆ ఇల్లు భయంకరంగా ఉంది. జర్మన్ మాట్లాడే నాయనమ్మ తన చిన్నప్పటి సంగతి చెప్పే చోట బొమ్మల యానిమేషన్ స్టైల్ వాడారు, సినిమా మొత్తం ఒక ఎత్తు, అది ఒక ఎత్తు. తర్వాత బెల్లం బిస్కెట్ బొమ్మలు, పళ్లున్న బొమ్మ, అన్నీ ఒకేసారి మీద పడటంతో క్రాంపస్ సొంత భయం పలచనైపోతుంది. ముందు దుప్పటి కప్పుకున్న ఆకారంలా దూరంగా ఇళ్ల కప్పుల మీద దూకుతున్నప్పుడు ఉన్న జడుపు దగ్గరికొచ్చి నిలబడ్డాక లేదు.

టెరిఫైయర్ 3 ఇంకో కొస. 2024 అక్టోబర్‌లో వచ్చింది, ఆర్ట్ అనే హంతక జోకర్ ఈసారి సాంటా డ్రెస్‌లో. దాదాపు 20 లక్షల డాలర్లతో తీస్తే 9 కోట్ల డాలర్ల దాకా వచ్చాయి, ఈ జానర్‌లో అది మామూలు విషయం కాదు. కానీ పరీక్ష పెడితే ఫెయిల్, ఎందుకంటే ముందు రెండు భాగాలు అక్టోబర్ ఆఖర్లో వచ్చే దెయ్యాల పండగ హాలోవీన్‌లో నడిచాయి, ఇది క్రిస్మస్‌లో నడిచింది, మధ్యలో మారింది డ్రెస్సే. నరుకుడు చూడ్డానికొచ్చిన వాళ్లకి నరుకుడు దొరికింది, అంతవరకే. బాక్సాఫీస్ హిట్టయినంత మాత్రాన పండగ కథ హిట్టయినట్టు కాదని చెప్పడానికి దీన్ని మించిన ఉదాహరణ లేదు.

ఫాంటసీకి కూడా ఇదే రోగం

ఫాంటసీలో చిక్కు వేరే రూపంలో వస్తుంది. అక్కడ అద్భుతానికి ఒక ఖరీదుండాలి, ఒక హద్దుండాలి. గ్రెమ్లిన్స్‌లో మూడే మూడు రూల్స్, వెలుతురు పడకూడదు, నీళ్లు తగలకూడదు, అర్ధరాత్రి దాటాక తిండి పెట్టకూడదు. ఈ రూల్స్ తప్పడంతో, క్రిస్మస్ కానుకగా ఇంటికొచ్చిన బుజ్జి జంతువు నుంచి పుట్టుకొచ్చినవి ఊరుని తగలబెట్టేంత పని చేస్తాయి. కానుక అంటే బాధ్యత అన్న మాటని కథతోనే చెప్పేశారు. పాతాళభైరవి, మాయాబజార్ చూసి పెరిగిన జనానికి ఇది బాగా ఎక్కుతుంది, మంత్రానికి రూల్ ఉన్నప్పుడే మజా అని వాళ్లకి తెలుసు.

ద నైట్‌మేర్ బిఫోర్ క్రిస్మస్ 1993లో వచ్చింది. అందరూ టిమ్ బర్టన్ సినిమా అంటారు, ఆలోచన, నిర్మాణం ఆయనవి, డైరెక్షన్ హెన్రీ సెలిక్‌ది. బొమ్మల్ని సెకనుకి 24 సార్లు చేత్తో కదుపుతూ తీసిన సినిమా, దాదాపు మూడేళ్లు పట్టింది, పిల్లలకి మరీ చీకటిగా ఉంటుందేమోనని డిస్నీ తన పేరు కాకుండా టచ్‌స్టోన్ పేరు మీద వదిలింది. కథ చూస్తే హాలోవీన్ ఊరికి రాజైన జాక్ పొరపాటున క్రిస్మస్ ఊరు చూసి మనసు పారేసుకుంటాడు, దాన్ని అర్థం చేసుకుందామని బొమ్మ ఎలుగుబంటిని కోసి చూస్తాడు, చెట్టుకి కట్టే గోళాలని మరిగిస్తాడు, ఆఖరికి అర్థం కాకుండానే తనే చేసేద్దామని సాంటాని కిడ్నాప్ చేయిస్తాడు. పిల్లలు డబ్బాలు తెరిస్తే పాములూ తలకాయలూ. జాక్‌కి చెడ్డ బుద్ధి లేదు, పైపై సామాను అంతా కాపీ కొట్టాడు, లోపలిది దొరకలేదు. క్రిస్మస్ పేరుతో వచ్చే బలహీనమైన సినిమాలన్నీ చేసే తప్పుని ఈ సినిమా ముందే కథగా చేసి పెట్టింది, తీసేవాళ్లు ఎంతమంది గమనించారో మరి.

డబ్బు పెరిగితే అద్భుతం పెరుగుతుందా అంటే 2024లో వచ్చిన రెడ్ వన్ సమాధానం. 20 కోట్ల డాలర్లకి పైనే ఖర్చు, థియేటర్ల నుంచి 18 కోట్ల చిల్లర. అందులో సాంటాకి సెక్యూరిటీ టీం ఉంది, హెడ్ క్వార్టర్స్ ఉంది, క్రాంపస్ కూడా ఉన్నాడు, అన్నింటికీ ఎక్స్‌ప్లనేషన్ ఉంది. ఒక్క రాత్రిలో ప్రపంచమంతా ఎలా తిరుగుతాడన్నది చిన్నపిల్లల ప్రశ్న, దానికి టెక్నాలజీతో జవాబు చెప్పేస్తే పిల్లలకి ఇంక అడగడానికేం ఉండదు, పెద్దలకి ఆఫీస్ గుర్తొస్తుంది. తోడుగా కంప్యూటర్ మంచు, కంప్యూటర్ ఎలుగుబంటి. గ్రెమ్లిన్స్ తోలుబొమ్మలు నలభై ఏళ్ల తర్వాత కూడా బరువుగా కనబడటానికి కారణం అవి నిజంగా ఆ బల్ల మీద ఉండటమే.

నవ్వాలా జడవాలా

పండగ హారర్‌లో చాలావరకు హారర్ కామెడీలే. సాంటా హంతకుడు అనగానే సగం నవ్వొచ్చేస్తుంది కాబట్టి తీసేవాళ్లు ఆ నవ్వుని ముందే లాగేసుకుంటారు. 2022 నాటి వయొలెంట్ నైట్‌లో తాగుబోతు సాంటా దొంగలని చితక్కొడతాడు, సరదాగానే ఉంటుంది, భయం మాత్రం వెతికినా దొరకదు. తెలుగులో 2013 ప్రేమకథా చిత్రమ్ తర్వాత ఏం జరిగిందో గుర్తు చేసుకుంటే చాలు, దెయ్యం అంటే కమెడియన్ల చెంపలు వాయించేది అన్న స్థాయికి వచ్చేసింది, మళ్లీ మసూద, విరూపాక్ష లాంటివి వచ్చేదాకా జనం దెయ్యాన్ని సీరియస్‌గా తీసుకోలేదు.

రెండూ కలిసి నిలబడ్డ చోటు ఒకటుంది, మళ్లీ గ్రెమ్లిన్స్‌లోనే. హీరోయిన్ తనకి క్రిస్మస్ ఎందుకు నచ్చదో చెప్తుంది. చిన్నప్పుడు పండగ ముందురోజు నాన్న ఇంటికి రాలేదు, రోజులు గడిచాయి, చలికి పొయ్యి వెలిగిద్దామంటే వాసన, ఏ పిల్లో పక్షో చచ్చి ఉంటుందని ఫైర్ వాళ్లని పిలిస్తే చిమ్నీలోంచి తీసింది నాన్నని, సాంటా డ్రెస్‌లో, చేతిలో కానుకలతో. సాంటా లేడని నాకు అలా తెలిసింది అని ముగిస్తుంది. స్టూడియో వాళ్లు ఈ సీన్ తీసేయమన్నారు, డైరెక్టర్ జో డాంటే ఒప్పుకోలేదు. చూసినవాళ్లకి నవ్వాలో వద్దో తెలీదు, ఆ తెలీకపోవడమే దాని బలం. ఈ సినిమా, అదే ఎండాకాలం వచ్చిన ఇండియానా జోన్స్ సినిమా కలిపి తల్లిదండ్రులని ఎంత కంగారు పెట్టాయంటే, 1984 జూలై 1 నుంచి అమెరికాలో 13 ఏళ్ల హద్దుతో కొత్త రేటింగ్ పుట్టింది.

డబ్బు లెక్క

నిర్మాతలకి ఇందులో ఆకర్షణ సింపుల్. ఒక ఇల్లు, ఒక రాత్రి, పది మంది నటులు, రంగు లైట్లు ఎలాగూ సెట్‌లోనే ఉంటాయి, పాత కారల్స్‌కి చాలావాటికి రాయల్టీ కట్టక్కర్లేదు. క్రాంపస్ కోటిన్నర డాలర్లతో తీస్తే 6 కోట్లు దాటింది. ఇబ్బంది ఏంటంటే డిసెంబర్ 26 నుంచి జనానికి ఆసక్తి పడిపోతుంది, అందుకని కొందరు హాలోవీన్ గాలి ఉండగానే అక్టోబర్‌లో వదిలేస్తారు. దానికి బదులుగా ఓటీటీలో ఏటా మళ్లీ పైకి తేలుతుంది. ఈ ఏటేటా వచ్చే చిల్లర కోసమే నాసిరకం సరుకు పుట్టుకొస్తుంది, 2015 తర్వాత క్రాంపస్ పేరు తగిలించిన చవక సినిమాలు వరసపెట్టాయి, పోస్టర్ ఒకటి, లోపల ఇంకోటి. వీడియో షాపుల రోజుల్లో ఇంకో తమాషా ఉండేది, జాక్ ఫ్రాస్ట్ పేరుతో 1997లో హంతకుడైన మంచు మనిషి సినిమా వచ్చింది, మరుసటి ఏడాది అదే పేరుతో చనిపోయిన నాన్న మంచు మనిషిగా తిరిగొచ్చే పిల్లల సినిమా వచ్చింది. తప్పు క్యాసెట్ పట్టుకెళ్లిన ఇళ్లలో ఆ సాయంత్రం ఎలా గడిచిందో ఊహించుకోవచ్చు.

హైదరాబాద్‌లో ఎందుకు సగమే ఎక్కుతుంది

చిమ్నీ అంటే ఇక్కడ వంటింట్లో పొయ్యి మీద ఉండే మెషీన్, అందులోంచి మనిషి దిగడు. మంచు పడదు, డిసెంబర్‌లో తెల్లవారుజామున స్వెటర్ వేసుకుంటే మధ్యాహ్నానికి తీసేస్తారు. సాక్స్‌లో కానుకలు పెట్టే అలవాటు చాలా ఇళ్లలో లేదు. అన్నిటికన్నా పెద్ద తేడా, తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో క్రిస్మస్ అంటే మొదట ఆరాధన, అర్ధరాత్రి సర్వీసు, మెదక్ చర్చికి ప్రయాణం, ఆ చర్చి ప్రతిష్ఠ జరిగింది కూడా 1924 డిసెంబర్ 25నే. తర్వాత కొత్త బట్టలు, కేకు, గులాబీ పువ్వులు, బిర్యానీ. క్రిస్మస్ తాత ఉన్నాడు కానీ పక్క పాత్రలో. కాబట్టి ఇక్కడి పిల్లలు సాంటా చూస్తున్నాడని భయపడుతూ పెరగరు, ఆ నమ్మకం ముక్కలయ్యే షాక్ కూడా వాళ్లకి తగలదు. నమ్మకమే లేని చోట దాన్ని పగలగొట్టి చూపించినా చప్పుడు రాదు.

అందుకే కేవలం సాంటా బొమ్మ మీద ఆధారపడ్డ సినిమాలు ఇక్కడ తేలిపోతాయి, రూల్‌ని సినిమాలోనే కట్టుకున్నవి నిలబడతాయి. గ్రెమ్లిన్స్‌కి మూడు రూల్స్ తెలిస్తే చాలు. క్రాంపస్ మొదటి అరగంటకి చుట్టాలుంటే చాలు. బ్లాక్ క్రిస్మస్‌కి ఒక హాస్టల్, ఒక అటక, అమీర్‌పేటలో ఎవరికైనా అర్థమవుతుంది.

సొంత రూల్‌తో పుట్టిన భయం తెలుగు ఊళ్లకి కొత్తేం కాదు. తొంభైల్లో తలుపుల మీద ఓ స్త్రీ రేపు రా అని రాసుకున్న రోజులు చాలామందికి గుర్తే, రాత్రి తెలిసిన గొంతుతో పిలుస్తుంది, తలుపు తీయకూడదు, రాసుంటే చదువుకుని వెళ్లిపోతుంది. హాలీవుడ్ స్క్రిప్ట్ రైటర్ కూర్చుని రాసినా ఇంత శుభ్రమైన రూల్ రాదు.

క్రిస్మస్‌కి అలాంటి ముడిసరుకు ఇక్కడ ఏదైనా ఉందా అంటే, కారల్స్ రౌండ్స్ ఉన్నాయి. డిసెంబర్ రాత్రుళ్లు చర్చి కుర్రాళ్లు వ్యాన్ వేసుకుని డప్పులు, గిటార్లతో ఇంటింటికీ తిరుగుతారు, ఒక్కోసారి రెండు మూడు కూడా అయిపోతుంది. అంత రాత్రి ఎవరు గేటు కొట్టినా తీయని ఇళ్లు కూడా ఆ ఒక్క నెల తీస్తాయి, పెద్దవాళ్లు నిద్ర మొహాలతో వచ్చి నిలబడతారు, పిల్లల్ని లేపుతారు. గుంపుకి ముందు క్రిస్మస్ తాత ఉంటాడు, దూది గడ్డం, గులాబీ రంగు ప్లాస్టిక్ ముసుగు, కళ్ల దగ్గర రెండు చిల్లులు. చాక్లెట్లు పంచుతాడు, పిల్లలతో చేతులు కలుపుతాడు, ఒక్క మాట మాట్లాడడు. ముసుగులో ఉన్నది మన చర్చి కుర్రాడే అని అందరూ అనుకుంటారు, ఎవరని మాత్రం ఎవరూ అడగరు. పాట అయిపోయి వ్యాన్ ఎక్కేటప్పుడు తలలు లెక్కపెట్టే అలవాటూ లేదు.